నాలుగు వేళ్ల జాగా

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మూడో రోజున మావగారు ఆమె బొటనవేలు అడిగాడు.

"ఎందుకు మావయ్యా?" అంది ఆమె, చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

"కోసుకుపోనులే. ఎడమది ఇలా పట్టు."

సిరా ప్యాడ్ మూత తీసి, వేలిని దాని మీద అద్ది, అట్ట పుస్తకంలో ఒక పక్కనుంచి ఇంకో పక్కకి మెల్లగా దొర్లించాడు. పుస్తకాన్ని గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్లి, కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు. "సుడి తిరిగింది. కింద రెండు పాయలుగా చీలింది. సరే తల్లీ, ఇంక నువ్వు ఎక్కడ తప్పిపోయినా పట్టేస్తాను."

"తప్పిపోవడానికి ఇంట్లో ఇంకో గది ఉంటే కదా," అంది వంటింట్లోంచి అత్తగారు. "పిల్లకి ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇంకా తెలీదు. అప్పుడే పుస్తకంలోకి ఎక్కించేశాడు."

మావగారికి అక్షరం ముక్క రాదు. కానీ వేలిముద్రలు చదువుతాడు. ఆ కొండ వాలులో ఉన్న అరవై ఒక్క ఇళ్లలో ఎవరి ముద్ర చూపించినా మనిషిని చెప్పేవాడు. ఇది బుట్టలల్లే ముసలమ్మది, వెదురు చీల్చి చీల్చి గీతలు అరిగిపోయాయి. ఇది మేస్త్రిది, సున్నం తిన్న వేలు. ఇది మొన్న బళ్లో చేరిన చిన్నదానిది, గీతల మధ్య ఇంకా మట్టి కూడా చేరలేదు. పిల్లలు ఆయన్ని వేళ్ల తాత అనేవాళ్లు. పెద్దవాళ్లు పెద్దాయన అనేవాళ్లు. కింద ఆఫీసుల్లో మాత్రం ఆయన కొండవాళ్ల కాగితాలాయన. రేకు పెట్టె చంకలో పెట్టుకుని ఆయన మెట్లెక్కుతుంటే కిటికీలోంచి చూసి సగంమంది టీకి లేచిపోయేవాళ్లు.

ఆయనకి ఈ వేళ్ల పిచ్చి ఎలా పట్టుకుందో అత్తగారు ఒక మధ్యాహ్నం చేటలో గింజలు ఏరుతూ కోడలికి చెప్పింది.

అప్పట్లో వాళ్లందరూ కింద లోయలో ఉండేవాళ్లు. ఏటికి అడ్డంగా గోడ కట్టి నీళ్లు నిలబెడతామని ప్రభుత్వంవాళ్లు వచ్చి మీటింగు పెట్టారు. గదిలో ఉన్న కుర్చీలు వచ్చిన అధికారులకే సరిపోయాయి. లోయవాళ్లు బయట చూరు కింద నిలబడ్డారు. పొద్దున్నుంచీ వాన. లోపల మాట్లాడుకునే భాష అప్పటికి వీళ్లలో ఎవరికీ సరిగా రాదు. పిలుస్తారేమోనని చూశారు. పిలవకుండా ఒకరి గదిలోకి వెళ్లడం వీళ్లకి అలవాటు లేదు. సాయంత్రం దాకా తడుస్తూ నిలబడి, కుర్చీలు మడత పెట్టేస్తుంటే ఇళ్లకి వెళ్లిపోయారు.

తర్వాత ఏడాదికి గోడ లేచింది. ఫిర్యాదు పట్టుకుని వెళితే గుమాస్తా ఫైలు తిరగేసి, "మీటింగుకి ఆ ఊరివాళ్లెవరూ రాలేదని రాసుంది. రానివాళ్లకి అభ్యంతరం ఎక్కడిది?" అన్నాడు.

"మేం వచ్చామండీ. చూరు కింద ఉన్నాం," అన్నాడు మావగారు. అప్పుడాయనకి ఇరవై రెండేళ్లు.

"చూరు కింద ఉన్నవాళ్లకి హాజరు వెయ్యరు నాయనా."

ఇళ్లు, చేలు, ఆయన అమ్మానాన్నల సమాధులు అన్నీ నీళ్ల కిందకి వెళ్లాయి. మిగిలినవాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకుని ఈ వాలు మీదకి ఎక్కారు.

"అందరికీ ఆ తర్వాత నీళ్లంటే భయం పట్టుకుంది," అంది అత్తగారు. "ఈయనకి కాగితమంటే భయం పట్టుకుంది. కాగితం మీద లేకపోతే మనం లేనట్టేనట. నలభై ఏళ్లుగా అదే పాట. పాలుతాగే పిల్లలవి కూడా వేయించాడు, నీకు తెలుసా? పిల్ల వేలు నోట్లో పెట్టుకుని నాకితే మూతంతా నీలం."

ఆ నలభై ఏళ్లలో ఆయన చాలానే సాధించాడు. రోడ్డు పనిలో రాళ్లు మోస్తూ, మేస్త్రీలు తిట్టే తిట్లనుంచి మొదలుపెట్టి ఆఫీసు భాష నేర్చుకున్నాడు. పదకొండేళ్లు తిరిగి బడి తెచ్చాడు. వారానికి రెండు రోజులు తెరిచే ఆరోగ్య కేంద్రం తెచ్చాడు. బస్సు కొండ మొదట్లో ఆగేలా చేశాడు. దానికోసం రోడ్డుకి అడ్డంగా పడుకుని తొమ్మిది రోజులు జైల్లో ఉన్నాడు. అరవై ఒక్క ఇళ్లకీ ఇవి ఫలానావాళ్ల ఇళ్లు అనే పత్రాలు తెచ్చాడు. ఎప్పుడు ఏ అర్జీ పెట్టినా అందరి వేళ్లూ దాని మీద పడాల్సిందే. ఒక్కరు తగ్గినా వాళ్ల చేను దాకా నడిచి వెళ్లి వేయించుకొచ్చేవాడు. ఒకసారి ఎవరో అధికారి ఆయనకి సన్మానం చేసి గోడ గడియారం ఇచ్చాడు.

"నలభై ఏళ్లు తిరిగినందుకు గడియారమిచ్చారు," అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చూపించేది. "ఎంత పొద్దు వృథా చేశాడో చూసుకోమని."

ఆ వాలులో పుస్తకంలోకీ, అర్జీల మీదకీ ఎక్కని వేలు ఒక్క అత్తగారిదే. ఆయన అడిగినప్పుడల్లా ఆవిడ చేతులు కొంగులో చుట్టుకునేది. "ఇంట్లో ఉన్న మనిషిని కాగితంలో వెతుక్కోవడమెందుకు? నేను లేననిపిస్తే కూర వాసన చూడు," అనేది. ఆవిడ ఎడమ బొటనవేలికి అడ్డంగా కొడవలి గాటు ఉండేది. కొత్తగా పెళ్లయిన రోజుల్లో తెగింది. దానికి కట్టు కట్టింది మావగారే. "కట్టు కట్టిన చేతికి ముద్రెందుకు ఇవ్వవు?" అని ఆయన. "కట్టు కట్టినందుకే ఇంతకాలం వండి పెట్టాను. చెల్లుకి చెల్లు," అని ఆవిడ.

కోడలు పది దాకా చదివింది. ఆమె చేతిరాత చూస్తే అచ్చు వేసినట్టుండేది. ఆమె వచ్చాక మావగారు అర్జీలకి కింద ఊరి పంతులుగారి దగ్గరికి వెళ్లడం మానేశాడు. ఆమె రాస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని, అర్థం కాని అక్షరాలనే ముద్దుగా చూసేవాడు. "మా అమ్మాయి రాస్తే కాగితానికే గౌరవం వస్తుంది," అనేవాడు ఆఫీసుల్లో. నోట్లో నాలుక లేని పిల్ల అని పుట్టింట్లో పేరు తెచ్చుకున్న ఆమెకి, ఆ మాట విన్న రోజు రాత ఇంకా గుండ్రంగా వచ్చేది.

కొండ మీద రాయి తవ్వుకుంటామని కంపెనీవాళ్లు అడిగింది ఆమె వచ్చిన ఐదో ఏట. వాలంతా కావాలన్నారు. ఇళ్లున్న మెరక, పైన సమాధులున్న మెరక, అన్నీ. ముందు జనాన్ని అడగాలని రూలు. బడిలో మీటింగు పెట్టారు.

మావగారు పది రోజుల ముందునుంచే ఇల్లిల్లూ తిరిగాడు. "ఎవరూ పనికి పోవద్దు. అందరూ లోపలే కూర్చోవాలి. చూరు కింద ఒక్కడు కనబడినా ఊరుకోను. వద్దని చెబుదాం. వచ్చామని ముద్ర వేద్దాం."

అందరూ వచ్చారు. బుట్టల ముసలమ్మని మంచం మీద మోసుకొచ్చారు. వద్దు అన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచి వద్దు అన్నారు. అధికారి తలూపి రాసుకున్నాడు. మేస్త్రి అయితే, "మా నాన్నకి ఎనభై దాటాయి సార్. ఇప్పుడాయన్ని ఇంకో చోటికి మారిస్తే దారిలోనే దించుకోవాలి," అన్నాడు. అధికారి దానికి కూడా తలూపాడు.

హాజరు కాగితాలు రాసే పని కోడలికి పడింది. ఆఫీసునుంచి వచ్చిన గుమాస్తా తెల్ల కాగితాలిచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. ఆమె అక్షరాలు చూసి, "మా ఆఫీసులో కూడా ఇలా రాసేవాళ్లు లేరమ్మా," అన్నాడు. ఆమె సిగ్గుపడి తల దించుకుంది. "పైన నాలుగు వేళ్ల జాగా వదిలెయ్. ఆఫీసు పేరు, తేదీ మేం టైపు కొట్టించుకుంటాం. వరస నంబరు, పేరు, ముద్ర. అంతే."

ఆమె స్కేలు పెట్టి గీతలు గీసింది. ప్రతి కాగితానికీ పైన సరిగ్గా నాలుగు వేళ్ల జాగా. ఒక్కో కాగితంలో ముప్ఫైమంది.

అత్తగారు ఆఖర్న వచ్చింది, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. అప్పటికి ఏడో కాగితం నడుస్తోంది. రెండువందల ఇద్దరు అయ్యారు.

"నువ్వొక్కదానివే మిగిలావు," అన్నాడు మావగారు. ఆవిడ మొహం చూడకుండా ప్యాడ్ వైపే చూస్తూ అన్నాడు. ఎప్పటిలా వేళాకోళానికి కాదు.

ఆవిడ ఆయన్ని కాసేపు చూసింది. ఏమనుకుందో, వేలు చాపింది. "వేయించుకో. నేను పోయాక నామీద కేసు పెట్టడానికి పనికొస్తుంది."

గాటు ఉన్నచోట సిరా అంటలేదు. ముద్ర మధ్యలో అడ్డంగా తెల్ల గీత పడింది.

ఆవిడ వేలు తుడుచుకుంటూ కోడలి ముందున్న కాగితాలు చూసి, "ఏమే పిల్లా, పైన ఇంత ఖాళీ వదిలావు? అక్కడేమైనా పందిరి వేస్తారా?" అంది. గుమాస్తా నవ్వాడు. కోడలు కూడా నవ్వింది. మావగారు ఆ మాట వినలేదు. ఆయన ఎప్పుడూ కాగితం కింది సగమే చూసేవాడు. పై సగం అక్షరాలవాళ్లది.

ఆ తర్వాత రెండు నెలలకి అత్తగారికి జ్వరం వచ్చింది. ఆరోగ్య కేంద్రం తెరిచే రెండు రోజులూ అయిపోయాక వచ్చింది. మళ్లీ అది తెరిచేలోపే ఆవిడ పోయింది. పై మెరక మీద, కొత్త మట్టి కింద పెట్టారు. మావగారు మూడు రోజులు వంటింటి గుమ్మం దాటి లోపలికి రాలేదు. నాలుగో రోజు కోడలు కూర పొయ్యి మీద పెడితే, వాసనకి లేచి వచ్చి, గుమ్మంలో నిలబడి, వెనక్కి వెళ్లిపోయాడు.

ఆవిడ పోయిన నెలకి నోటీసు వచ్చింది. కోడలే చదివింది. కొండ వాలు నివాసులు రెండువందల ముగ్గురూ సభకి హాజరై, తవ్వకానికి మనస్ఫూర్తిగా సమ్మతించి వేలిముద్రలు వేసినందువల్ల, ఆరు నెలల్లో ఖాళీ చేయవలెను. కింద కాగితాల నకళ్లు జతచేశారు. ఆమె అక్షరాలే. ఆమె గీతలే. పైన, సరిగ్గా ఆమె వదిలిన నాలుగు వేళ్ల జాగాలో, నాలుగు వరసలు టైపు కొట్టి ఉన్నాయి.

మావగారు చెయ్యి చాపి, "ఏం రాశారమ్మా?" అని అడిగాడు. ఆమె గుమ్మంలో కూలబడి, ఏడుపు మింగుకుంటూ మొత్తం చెప్పింది. గుమాస్తా అన్నది, తను వదిలింది, అత్తగారు వేసిన జోకు, తను నవ్వింది కూడా.

ఆయన నోటీసు మడత పెట్టాడు. "జాగా వదిలింది నువ్వు. వేళ్లు వేయించింది నేను," అన్నాడు. తర్వాత, "బయట ఎవరితోనూ అనకు తల్లీ. నన్నంటే పడతాను. నువ్వు ఈ వయసులో పడలేవు," అన్నాడు.

కింద ఊళ్లో ఒక చిన్న లాయరు ఉండేది. స్కూటరు మీద వచ్చి, బడి బల్ల మీద కూర్చుని విషయం చెప్పింది. వాలువాళ్లందరూ చుట్టూ కూర్చున్నారు.

"పైన ఖాళీ ఉండేది, తర్వాత టైపు కొట్టారు అంటే ఎవరు నమ్ముతారు? ఆ గుమాస్తా బదిలీ అయిపోయాడు. మీరు వద్దన్నది అధికారి రాసుకున్న కాగితం ఫైల్లో లేదు. మీ మాట తప్ప ఆధారం లేదు," అంది. "ఒకటే దారి. ముద్రలు మావి కావు అనండి. అప్పుడు వాటిని పరీక్షకి పంపాలి. ఆ పరీక్ష చేసే చోట పని పేరుకుపోయి ఉంటుంది. రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా కొండని ఎవరూ ముట్టుకోరు."

"పరీక్షలో మావేనని తేలితే?" అన్నాడు మావగారు.

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం. ముందు ఊపిరి తీసుకోవాలి కదా పెద్దాయనా."

మేస్త్రి లేచాడు. "అనెయ్ పెద్దాయనా. ఇందులో ఆలోచించేదేముంది? ముద్రలు చదవడం నీకు తప్ప ఎవరికీ రాదని కింద ఆఫీసుల్లో ప్రతి ప్యూనుకీ తెలుసు. నువ్వు కాదంటే కాదంతే."

"మా అందరిదీ అదే మాట," అన్నారు వెనకనుంచి. బుట్టల ముసలమ్మ మంచం మీంచే చెయ్యెత్తింది.

మావగారు అందరి మొహాలూ చూశాడు. "సరే," అన్నాడు.

కోడలు ఆ మాటకి మొదటిసారి పొట్టనిండా ఊపిరి పీల్చుకుంది. ముద్రలే మావి కావంటే ఇంక ఆ గీతలు ఎవరు గీశారని ఎవరూ అడగరు. ఆ సంగతి తలుచుకుంటే తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ రోజు అన్నం సయించింది.

విచారణ రోజున ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, రేకు పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు. కోడలు పక్కన, మేస్త్రి వెనక సీట్లో. దారంతా ఆయన పెదాలు కదుపుతూనే ఉన్నాడు. మావి కావు సార్, మావి కావు సార్ అని సాధన చేస్తున్నాడని ఆమెకి అర్థమైంది. బడిలో పాఠం అప్పజెప్పేముందు తనూ అలాగే చేసేది.

విచారణ గది చల్లగా ఉంది. అద్దం వేసిన పెద్ద బల్ల, దాని మీద ఫ్లాస్కు, పోయిన ఏడాది క్యాలెండరు. మూల టైపు మిషను దగ్గర కళ్లజోడు మనిషి. ఈసారి కుర్చీలు వేశారు. వరసగా పన్నెండు కుర్చీలు. మావగారు వాటిని చూసి ఆగిపోయాడు.

"కూర్చోండి, కూర్చోండి," అన్నాడు విచారణ అధికారి. జలుబు చేసినట్టుంది, మాటకోసారి రుమాలు తీసుకుంటున్నాడు. ఇబ్బంది పెట్టే మనిషిలా లేడు.

లాయరు చెప్పాల్సింది చెప్పింది. అధికారి విని, అసలు కాగితాలు మావగారి ముందుకి జరిపాడు. "మీరు ముద్రలు గుర్తుపడతారటగా. నేనూ విన్నాను. తీరిగ్గా చూసి చెప్పండి. ఇవి మీవాళ్లవేనా, కాదా?"

మావగారు మొదటి కాగితం చూశాడు. రెండోది చూశాడు. ఒక్కో ముద్ర దగ్గరా ఆయన కళ్లు ఆగడం, ఆగినచోట కొంచెం మెత్తబడడం కోడలికి కనిపిస్తూనే ఉంది. తెలిసినవాళ్లు ఎదురైనప్పుడు మనుషుల మొహం అలాగే ఉంటుంది. చూడకు మావయ్యా, చూడకుండా చెప్పెయ్ అనుకుంది. ఆయన ఆరోది తిప్పాడు. ఏడోది తిప్పాడు.

ఏడో కాగితం ఆఖరి వరసలో, ముద్ర మధ్యన తెల్ల గీత.

నలభై ఏళ్లు అడిగితే ఇవ్వని వేలు అది. ఇంటి పుస్తకంలో లేదు. ఇంకే కాగితం మీదా లేదు. భూమ్మీద ఇక్కడొక్కచోటే ఉంది.

"ఏమంటారు?" అన్నాడు అధికారి. "కావంటారా?"

మావగారు నోరు తెరిచాడు. మా అనే ముక్క బయటికొచ్చింది. తర్వాతిది రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. వెనక మేస్త్రి కుర్చీ కిర్రుమంది.

"ఇది మా ఆవిడది సార్," అన్నాడాయన.

లాయరు కళ్లు మూసుకుంది.

"మిగతావి?"

"అన్నీ మావాళ్లవే సార్. నలభై ఏళ్లు మేం వచ్చాం, వచ్చాం అని చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు రాలేదని నా నోటితో నేను అనలేను." ఆయన మొదటి కాగితం మళ్లీ పైకి తీశాడు. "రాసుకోండి. ఇది బుట్టల ముసలమ్మది. మంచం మీద మోసుకొచ్చాం. ఇది మేస్త్రి తండ్రిది. ఇది వాళ్ల ఆవిడది. ఇది..."

టైపు మిషను టకటకా కొట్టుకుంటూ పోయింది. పదిహేనో మనిషి దగ్గర అధికారి చెయ్యెత్తాడు. "అందరూ మీవాళ్లే అని ఒక్క మాట రాసుకుంటాంలెండి."

"ఒక్కొక్కళ్లూ నడిచి వచ్చారు సార్."

"తెలుసు. టైము లేదు." రుమాలు తీసుకున్నాడు. "అయితే సమ్మతించినట్టేగా?"

"సమ్మతికి కాదు సార్. వచ్చామని వేశాం. వద్దని చెప్పి వేశాం."

"పైన అలా లేదే."

అప్పుడు కోడలు లేచి నిలబడింది. ఎవరూ లేవమనలేదు. ఆమె ఇంతవరకు పదిమందిలో గొంతెత్తి ఎరగదు. కుర్చీ వీపు పట్టుకుంది. "పైన ఖాళీ ఉండేది సార్. ఆఫీసు పేరు రాసుకుంటాం, వదలమన్నారు. నేనే వదిలాను. స్కేలు పెట్టి నేనే గీశాను. నాలుగు వేళ్లు."

మావగారు ఆమె వైపు తిరిగాడు. కూర్చో అన్నట్టు చెయ్యి ఊపాడు.

"వదలమన్నది ఎవరు?"

"గుమాస్తాగారు."

"పేరు?"

ఆమెకి తెలీదు. మెచ్చుకున్న మనిషి పేరు అడగడానికి ఆ రోజు సిగ్గేసింది.

"రాతపూర్వకంగా ఏమైనా ఇచ్చాడా?"

"లేదు సార్."

"ఈ పేర్లన్నీ నీ చేతిరాతేనా?"

"నాదే సార్."

అధికారి టైపిస్టు వైపు చూశాడు. చేతిరాత తనదేనని కోడలు ఒప్పుకున్నది అని మిషను కొట్టింది. ఆమె తప్పు ఒప్పుకోవడానికి లేచింది. అది కూడా వాళ్లకే సాక్ష్యమైంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేస్త్రి వాళ్ల దగ్గర కూర్చోలేదు. కొండ మొదట్లో దిగాక మాత్రం ఆగాడు. గొంతు పెంచలేదు.

"మూడేళ్లు పెద్దాయనా. మూడేళ్లలో మా నాన్న తన మంచం మీద తను పోయేవాడు. పై మెరక మీద పెట్టుకునేవాణ్ణి. ఆ మూడేళ్లు నీ దగ్గర ఉన్నాయి, నువ్వు ఇవ్వలేదు."

మావగారు తల దించుకునే విన్నాడు. "నిజమేరా," అన్నాడు.

"నిజం నాకెందుకు?" అని మేస్త్రి ముందుకి నడిచి వెళ్లిపోయాడు.

ఉత్తర్వు ఒక్క పేజీ వచ్చింది. తలుపుల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేశారు. ఆయన అరుగు మీదకి రావడం జనం ఒక్కొక్కరే మానేశారు. కోడలు కుళాయి దగ్గరికి వెళితే బిందెలు జరిపి దారిచ్చేవాళ్లు, మాట మాత్రం ఇచ్చేవాళ్లు కాదు. వెనకనుంచి నాలుగు వేళ్లావిడ అనడం రెండుసార్లు విన్నది. లారీ నడిపే ఆమె భర్త శనివారం ఇంటికొచ్చి, ఎవరో దారిలోనే చెవిన వేస్తే అంతా విని, చొక్కా విప్పుతూ, "నాన్నని నువ్వేమీ అనకు. నిన్ను నేనేమీ అనను," అన్నాడు. అంతకుమించి ఆ ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తలేదు.

మిషన్లు ముందు పై మెరక దగ్గరే మొదలుపెట్టాయి. రోడ్డు అటునుంచి వేయాలట. సమాధులు మార్చుకోవడానికి రెండు వారాలిచ్చారు. చాలామంది తవ్వుకుని, మూటలు కట్టుకుని దిగారు. మావగారు తవ్వనివ్వలేదు. "ఒకసారి పెట్టాం. మళ్లీ లేపి ఎక్కడికని తీసుకెళ్తాం," అన్నాడు. ఆ మెరక ఇప్పుడు లేదు.

కొత్త చోటు ఎండలో, చదునుగా, వరసగా గదులు. మేస్త్రి తండ్రి అక్కడికొచ్చిన పదో రోజున పోయాడు. అంతటితో మేస్త్రి రేకు పెట్టె అడిగి తీసుకుపోయాడు. ఇప్పుడు కాగితాలు అతనే చూస్తాడు. ఎవరు ఏ కాగితం తెచ్చినా, వేలు సిరాలో ముంచేముందు కోడలి గది ముందుకే వస్తారు. లోపలికి రారు. గుమ్మంలో నిలబడి కాగితం చాపుతారు. "పై గీత నుంచి చదువు," అంటారు. ఆమె చదువుతుంది. మళ్లీ చదవమంటారు. చదువుతుంది. వెళ్తున్నాం అని కూడా అనకుండా వెళ్లిపోతారు. ఆమె ఒక్కసారీ విసుక్కోలేదు.

పెట్టె ఇచ్చేసినా మావగారు అట్ట పుస్తకం మాత్రం ఉంచుకున్నాడు. రోజూ ఎండలో కూర్చుని తిరగేసేవాడు. ఒకరోజు పుస్తకం మూసి, "అమ్మాయ్, ఒక అర్జీ రాయాలి," అన్నాడు. చాలా నెలల తర్వాత అడిగాడు.

ఆమె కాగితం తెచ్చుకుని కూర్చుంది. "ఎవరికి మావయ్యా?"

"ఆ జలుబు సారుకి. మన కేసు ముగిసిపోయింది కదా. ఏడో కాగితంతో వాళ్లకింక పనేం ఉంటుంది. అసలుది ఇవ్వమను. అది కుదరకపోతే ఆఖరి వరస ఒక్కటి కత్తిరించి ఇవ్వమను."

"కారణం రాయాలి."

ఆయన ఆలోచించాడు. ఎదురుగా గదుల మధ్య ఎవరిదో చీర ఆరుతోంది. "ఇంట్లో మనిషిది అని రాయి," అన్నాడు.

ఆమె కాగితం పై అంచునుంచి మొదలుపెట్టింది. అంచుకీ మొదటి వరసకీ మధ్య గోరు కూడా పట్టదు. పక్కల్లో కూడా ఖాళీ లేకుండా, చివరిదాకా అక్షరాలు ఆనించి రాసింది. ఇదివరకటి అందం లేదు ఆ రాతలో. కిక్కిరిసి ఉంది. రాసి ఆయన ముందు పెట్టింది.

ఆయన ప్యాడ్ తెరిచి వేలు అద్దుకున్నాడు. కాగితం మీద ఆనించబోయి ఆగాడు. నలభై ఏళ్లలో వందల అర్జీలకి వేలు వేసిన మనిషి, మొదటిసారి అడిగాడు.

"చదువు. పైనుంచి."

ఆమె చదివింది. ఆయన రెండో చేతి చూపుడువేలు కాగితం పై అంచున పెట్టి, ఈ చివరనుంచి ఆ చివరకి జరిపి, అక్షరాలు తగులుతున్నాయో లేదో చూసుకున్నాడు. తర్వాత ముద్ర వేశాడు.

అర్జీ వెళ్లి ఏడు నెలలు దాటింది. జవాబు లేదు. ఆయన పుస్తకంలో, కోడలి ముద్ర ఉన్న పేజీకి ఎదురు పేజీ ఖాళీగా ఉంచాడు. అందులో ఎవరినీ వెయ్యనివ్వడు.